సంలీన రియాక్టర్ గోడ ఉక్కును ముందుగానే ఎలా పరీక్షిస్తారు?

తేలికపాటి పరమాణు కేంద్రకాలను కలిపి శక్తిని పుట్టించే సంలీన రియాక్టర్‌ను కట్టకముందే దాని గోడ ఉక్కు రేడియేషన్‌ను తట్టుకుంటుందో లేదో ఎలా తెలుస్తుందన్నది ప్రశ్న.

హైడ్రోజన్‌లోని బరువైన రకాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వెలువడే న్యూట్రాన్, ఉక్కులోని పరమాణువులను వాటి స్థానాల నుంచి నెట్టివేస్తుంది. ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు చోటు తప్పిందన్నదే నష్టానికి కొలమానం. అంతకన్నా మొండి సమస్య హీలియం. న్యూట్రాన్ తాకిడికి కొన్ని ఇనుప కేంద్రకాలు విడిచే ఈ వాయువు లోహంలోని స్ఫటిక రేణువుల సరిహద్దుల వద్ద బుడగలుగా చేరి ఉక్కును పెళుసుబారుస్తుంది.

ఇప్పుడున్న అణు రియాక్టర్లలో న్యూట్రాన్ల శక్తి తక్కువ కనుక, అక్కడ ఉంచిన నమూనాలో పరమాణువులు చోటు తప్పుతాయి గాని హీలియం అంతగా పుట్టదు. అందుకే ఇనుము, హీలియం అయాన్ల (విద్యుదావేశమున్న పరమాణువుల) పుంజాలను ఒకేసారి నమూనాపై ప్రయోగిస్తారు. ఏళ్ల తరబడి జరగాల్సిన నష్టం ఇలా రోజుల్లోనే కలుగుతుంది, అయితే అది కొన్ని మైక్రాన్ల లోతు దాటదు. అంత పలుచని పొరను లాగి తెంచి చూడలేం కాబట్టి, వజ్రపు మొనతో గుచ్చి గట్టిదనాన్ని అంచనా వేస్తారు. ఇది సగం జవాబే అని నా అభిప్రాయం.

ఈ లోటు తీర్చడానికే స్పెయిన్‌లోని గ్రనాడా సమీపంలో ఇఫ్మిఫ్-డోన్స్ కేంద్రాన్ని తలపెట్టారు. అందులో 40 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల డ్యుటెరాన్ (డ్యుటీరియం కేంద్రకం) పుంజం, సెకనుకు సుమారు 15 మీటర్ల వేగంతో పారే ద్రవ లిథియం తెరను తాకి, సంలీనంలో పుట్టేవాటిని పోలిన న్యూట్రాన్లను వెనుకనున్న చిన్న ఉక్కు నమూనాల మీదికి పంపుతుంది.