బొమ్మల కథలు – మీ ప్రశ్నలు: హీరో లేని పేజీ

పోయిన సంచికలో డాలెక్‌ల కామిక్ గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద ఉత్తరాలు చాలా వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఆ సంచిక చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. బీబీసీలో 1963 నవంబరు 23న మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’. దాని హీరోను డాక్టర్ అనే పిలుస్తారు. మరుసటి నెలలోనే అందులోకి వచ్చిన శత్రువులు డాలెక్‌లు. ఇవి లోహపు కవచాల్లో బతుకుతాయి, తమలాంటిది కాని ప్రతి ప్రాణినీ చంపాలనుకుంటాయి. వాటినే ముఖ్యపాత్రలుగా పెట్టి ‘టీవీ సెంచురీ 21’ అనే బ్రిటిష్ పిల్లల వారపత్రిక ఒక కథ నడిపింది. 1965 జనవరి నుంచి 1967 జనవరి దాకా 104 సంచికల్లో, వెనక అట్ట మీద, వారానికి ఒక రంగుల పేజీ.

అయ్యా, మా బాబుకు పదేళ్లు. మా అన్నయ్య లండన్ నుంచి తెచ్చిన డాలెక్‌ల పుస్తకం వాడు వదలడం లేదు. నోటుబుక్కుల నిండా అవే బొమ్మలు. నిన్న ‘అమ్మా, చక్రవర్తి గెలిచాడు!’ అని గంతులేశాడు. విలన్ గెలిస్తే సంబరపడటం చూసి నాకు టెన్షన్‌గా ఉంది. పుస్తకం దాచేయనా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

దాచకండమ్మా. వాడు గంతులేసింది బహుశా జెగ్ కథ దగ్గర అయి ఉంటుంది. జెగ్ కూడా డాలెక్కే. దాని కవచం మామూలు ఆయుధాలకు పగలదు. ఆ ధీమాతో ‘నాయకత్వం నాది’ అని డాలెక్‌ల చక్రవర్తికే ఎదురు తిరుగుతుంది. తనకంటే బలమైనదాన్ని చక్రవర్తి యుక్తితో ఓడిస్తుంది. పదేళ్ల పిల్లవాడికి అక్కడ నచ్చేది ఆ యుక్తి. అందులో మీరు భయపడాల్సింది ఏమీ లేదు.

అయితే ఒక పని చేయండి. అదే పుస్తకంలో ‘షాడో ఆఫ్ హ్యూమానిటీ’ అనే కథ ఉంటుంది. (పత్రికలో వచ్చినప్పుడు ఈ కథలకు విడిగా పేర్లు లేవు, తర్వాత పెట్టినవే.) ఒక డాలెక్‌కి ఉన్నట్టుండి అందం అంటే ఏమిటో తెలిసిపోతుంది. పూలను నాశనం చేయబోతుంటే అడ్డుపడుతుంది. ఎందుకు చంపాలి, ఎందుకు మాట వినాలి అని అడగడం మొదలుపెడుతుంది. చక్రవర్తికి బయటి శత్రువుల కంటే ఈ ప్రశ్నే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. ఆ డాలెక్ బతకదు. ఆ భాగం వాణ్ణి పైకి చదవమనండి. చదివాక మీరేమీ బోధించొద్దు, వాడు ఏమంటాడో వినండి. ఈ కథలో డాలెక్‌లను తిట్టిపోసే పెద్దమనిషి ఎవరూ ఉండరు. అవి ఎలాంటివో పిల్లవాడే తేల్చుకోవాలి. ఆ పని పిల్లలు బాగా చేస్తారని నా నమ్మకం. పిల్లల పత్రికలకు బొమ్మలు వేస్తూ బతికినవాణ్ణి, వాళ్ల ఉత్తరాలు చదివే ఈ మాట అంటున్నాను.

డాక్టర్ లేకుండా ‘డాక్టర్ హూ’ కథ ఏమిటి సార్? రాముడు లేని రామాయణంలా ఉంది. – డిగ్రీ విద్యార్థి, వరంగల్

కారణం హక్కుల లెక్క, బాబూ. డాక్టర్ కామిక్ అప్పటికే ‘టీవీ కామిక్’ అనే వేరే వారపత్రికలో 1964 నవంబరు నుంచి వస్తోంది. అందులో ఆయనకు జాన్, గిలియన్ అని మనవడూ మనవరాలూ. డాలెక్‌ల హక్కుల్లో మాత్రం వాటిని కథలో సృష్టించిన రచయిత టెర్రీ నేషన్‌కు బీబీసీతో పాటు వాటా ఉంది. అందువల్ల అవి ఇంకో పత్రికకు వెళ్లగలిగాయి. హీరో ఒక పత్రికలో, విలన్లు ఇంకో పత్రికలో. రెండేళ్లపాటు అలాగే నడిచింది.

అది కథకు చాలా మేలు చేసింది. డాక్టర్ ఉంటే ప్రతి పేజీలోనూ ఆయన ఎప్పుడు వస్తాడా అని చూస్తాం. ఆయన రాడని తెలిశాక చూపు డాలెక్‌ల సొంత గ్రహం స్కారో మీదకు, ఆ చక్రవర్తి ఎత్తుల మీదకు, ఎదురు నిలబడిన చిన్న చిన్న జాతుల మీదకు వెళుతుంది. జీరోస్ అనే గ్రహం నుంచి 2కే అనే రోబో వస్తుంది. దాని పని డాలెక్‌లకూ మెకనాయిడ్‌లనే రోబోల జాతికీ మధ్య యుద్ధం రాకుండా చూడటం. డాక్టర్ ఉంటే ఆ పని ఆయనే చేసేవాడు, 2కే పుట్టేదే కాదు.

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పకుండా ఉండలేను. డాలెక్ రూపం గీసినవాడు రేమండ్ క్యూసిక్. ఆయన బీబీసీ జీతగాడు. ప్రపంచమంతా బొమ్మలుగా, పుస్తకాలుగా అమ్ముడైన ఆ ఆకారానికి ఆయనకు రాయల్టీ లేదు, కొద్దిపాటి బహుమానంతో సరిపెట్టారు. ఈ కామిక్ కూడా చాలాకాలం నేషన్ పేరు మీదే చెలామణి అయింది. ఎక్కువ భాగం రాసింది సీరియల్ మొదటి స్టోరీ ఎడిటర్ డేవిడ్ విటేకర్. బొమ్మలు మొదట్లో రిచర్డ్ జెన్నింగ్స్ వేశాడు, చివరి దశంతా రాన్ టర్నర్‌ది. మీరు ఈ పుస్తకం గురించి ఎవరికైనా చెప్పేటప్పుడు దయచేసి ఈ పేర్లు కూడా చెప్పండి.

మనకు ప్రతినాయకుణ్ణి నెత్తిన పెట్టుకోవడం కొత్తా? పద్యనాటకంలో ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని కృష్ణుడు పలకరించేది దుర్యోధనుణ్ణే, చప్పట్లు అతనికీ పడతాయి. ఎన్టీఆర్ రావణుడికి, సుయోధనుడికి జనం నీరాజనం పట్టారు. ఈ డాలెక్‌లు ఏం గొప్ప? – రంగస్థల అభిమాని, తెనాలి

మీ ఉత్తరం చదివి సంతోషించాను. కానీ ఈ రెండూ ఒకటి కావండీ.

మన సుయోధనుణ్ణి ప్రేమించడానికి అతనిలో కారణాలున్నాయి. కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చాడు. అభిమానధనుడు, మాట మీద నిలబడ్డాడు. ఎన్టీఆర్ చేసిందల్లా ఆ గుణాలను ముందుకు తెచ్చి నిలబెట్టడం. విలన్‌ను మధ్యలో పెట్టే కథలు ప్రపంచంలో ఎక్కువగా ఇదే దారి పడతాయి. అతనికో బాధ, ఓ అన్యాయం చూపించి, సగం కథ అయ్యేసరికి అతణ్ణి హీరో చేస్తాయి.

విటేకర్ ఆ పని చేయలేదు. డాలెక్‌కి స్నేహితుడు లేడు, ప్రేమ లేదు, పగకు కారణం కూడా లేదు. మొదటి మూడు వారాల్లోనే వాటి పుట్టుక చెప్పేస్తాడు. నీలిరంగు చర్మం ఉన్న పొట్టి మనుషుల జాతి. యార్వెలింగ్ అనే శాస్త్రవేత్త వాళ్ల కోసం యుద్ధయంత్రం తయారుచేస్తాడు. ఉల్కల వానకు వాళ్ల న్యూట్రాన్ బాంబులే పేలిపోతాయి. వికృతంగా మారి మిగిలిన ఒక జీవి ఆ యంత్రంలో దూరి, చావబోతున్న యార్వెలింగ్ చేతే మరిన్ని యంత్రాలు చేయించుకుంటుంది. తనకో బంగారు కవచం చేయించుకుని చక్రవర్తినని ప్రకటించుకుంటుంది. అక్కడ జాలిపడే అవకాశం దండిగా ఉంది. అయినా రచయిత జాలి అడగడు. 104 వారాలు వాటి వెంటే నడిపించి కూడా వాటిని ఒక్క వారమైనా మంచివాళ్లను చేయడు. నాకు ఈ కామిక్ మీద ఇంత గౌరవం అందుకే. సుయోధనుడి దగ్గర మనం మనిషిని చూస్తాం. ఇక్కడ ద్వేషం ఒక ప్రభుత్వంలా, ఒక ఫ్యాక్టరీలా రోజూ ఎలా పనిచేస్తుందో చూస్తాం.

టీవీలో డాలెక్‌లను తయారుచేసింది డేవ్రోస్ కదా? యార్వెలింగ్ ఎవరు? ఏది నిజం? – న్యూజెర్సీ

డేవ్రోస్ 1975లో వచ్చాడు, ఈ కామిక్ అయిపోయిన ఎనిమిదేళ్లకు. అంతకుముందు టీవీలో వాటి పుట్టుక గురించి చెప్పింది కొద్దిగానే. రెండూ కలపడానికి అభిమానులు తంటాలు పడుతుంటారు. నేను కలపను. పురాణానికి పాఠాంతరాలు ఉన్నట్టే ఇవీను.

నేను యానిమేషన్ నేర్చుకుంటున్నాను. ముఖం లేని పాత్రతో కథ ఎలా నడుస్తుంది? ఎన్నిసార్లు వేసినా నా విలన్ డబ్బాలా నిలబడిపోతున్నాడు. – హైదరాబాద్

తల్లీ, ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నాను.

ముందు టర్నర్ పేజీలు నాలుగైదు తలకిందులుగా పెట్టి చూడు. మాటలు చదవకుండా ఆకారాలే కనబడతాయి. డాలెక్‌కి కనుబొమ్మలు లేవు, నోరు లేదు. ఉన్నది ఒక కంటి కాడ, రెండు చేతులు, గోపురం లాంటి తల. నటన అంతా ఆ కాడ ఎటు తిరిగిందన్న దాంట్లోనే ఉంటుంది. రెండోది ఎత్తు. కింద నుంచి చూసి వేస్తే అధికారం, పైనుంచి వేస్తే చీమల గుంపు. మూడోది, ఎవరు ఎవరో తెలియాలి. చక్రవర్తికి పొట్టి బంగారు ఒళ్లు మీద పెద్ద గుండ్రటి తల పెట్టారు. ఎంత దూరపు గడిలో ఉన్నా ఆ తల దొరికిపోతుంది. దాని తర్వాతి అధికారికి నలుపు రంగు. అందరినీ ఒకేలా వేసి, పేర్లు మాటల బుడగల్లో చెబుదామనుకుంటే కుదరదు.

ఇంకొకటి, టీవీ చేయలేనిది చెయ్యి. 1963లో బీబీసీ దగ్గర ఉన్న డాలెక్‌లు నాలుగు. గుంపు కనపడటానికి ఫోటోలు పెద్దవి చేసి వెనక నిలబెట్టారు. చదునైన నేల మీద తప్ప అవి కదల్లేవు. కామిక్‌లో అవే డాలెక్‌లు గుండ్రటి పళ్లేల్లాంటి ట్రాన్సోలార్ డిస్కుల మీద నిలబడి ఆకాశంలో బారులు తీరతాయి. మెకనాయిడ్‌లు టీవీలో 1965లో ఒక్క కథలో కనిపించాయి. స్టూడియోలో తిప్పడానికి అవి మరీ పెద్దవి. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు కాబట్టి డాలెక్‌లకు సమానమైన శత్రువులయ్యాయి.

పేజీ నడక కూడా చూడు. వారానికి ఒక్క పేజీ అంటే మొదటి గడిలో పోయిన వారం గుర్తుచేయాలి, చివరి గడిలో వచ్చే వారానికి మెలిక వేయాలి. మధ్యలో మిగిలిన చోటే కథ. అందుకే ఇందులో అనవసరమైన గడి కనపడదు.

నీ విలన్‌తో ఒకే ఒక పేజీ వేసి పంపు. ఏ3 కాగితం, నల్ల ఇంకు, ఎనిమిది గడులకు మించొద్దు. హీరోను ఎక్కడా పెట్టకు. రంగులు తర్వాత చూద్దాం.

ఇప్పుడు చదవాలంటే ఎలా? – పలువురు

1994లో ‘డాక్టర్ హూ మ్యాగజైన్’ వాళ్లు ‘ది డాలెక్ క్రానికల్స్’ పేరుతో మొత్తం ఒకచోట వేశారు. 2020లో పానినీ సంస్థ మళ్లీ తెచ్చింది. ఈ రెండోది చూడండి. వరసగా గబగబా చదవకండి, పూటకో కథ చాలు. చివరి కథలో డాలెక్‌లకు భూమి జాడ తెలుస్తుంది, కామిక్ అక్కడితో ఆగుతుంది. ఆ తర్వాత భూమి మీద వాటి దండయాత్ర చూడాలంటే 1964 నాటి టీవీ కథ ‘ది డాలెక్ ఇన్వేజన్ ఆఫ్ ఎర్త్’ పెట్టుకోండి.