చెక్కా గుడ్డా విమానం కొనబోయే మేనకోడలికి

చి॥ మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

మైసూరు పక్కన అమ్మకానికి ఉందంటూ నువ్వు పంపిన విమానం ఫోటోలన్నీ నిదానంగా చూశాను. నెత్తిమీద గొడుగు పట్టినట్టు ఒకటే రెక్క, దాని కింద ముందూవెనకా రెండు తెరిచిన సీట్లు, తోక కింద చిన్న చక్రం. అది పీటెన్‌పోల్ ఎయిర్ క్యాంపర్. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1920ల చివర్లో రూపొందించిన నమూనా. ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను పెట్టి దాన్ని ఎగిరించాడు. వడ్రంగం తెలిసిన మామూలు మనిషి తన షెడ్డులో కట్టుకోగలగాలన్నది ఆయన పట్టుదల. నీ మనసు దాని మీదికి పోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఫ్లయింగ్ క్లబ్బులో పుష్పక్ విమానాల రెక్కలకు గుడ్డ తొడిగిన రోజుల నుంచి నాకు ఈ జాతి విమానాలంటే ప్రాణం. 1958లో మొదట ఎగిరిన, బెంగళూరు హెచ్ఏఎల్ సంస్థ తయారుచేసిన ఆ విమానం మీదే మన దేశంలో ఎంతోమంది ఎగరడం నేర్చుకున్నారు.

అయితే నీ ఉత్తరం నిండా ఎగరడం గురించే ఉంది. ఈ విమానం ఎగరడంలో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా కంటికి కనపడని చోట్ల ఉంటుంది. గుడ్డ కింద చెక్క, ట్యాంకు అడుగున నీరు, గొట్టంలో పురుగు. మన కోస్తా ఉక్క, ఉప్పుగాలి, ఎండ వాటిని త్వరగా పాడుచేస్తాయి. అందుకని నా సలహాల్లో ఎక్కువ భాగం నేల మీద చేయవలసిన వాటి గురించే.

ముందు రెక్క. దాని పొడవునా రెండు చెక్క దూలాలు ఉంటాయి, స్పార్లంటాం. బరువంతా మోసేవి అవే. చూడటానికి వెళ్ళినప్పుడు రంగు మెరుపు చూసి మురిసిపోకు. రెక్క అడుగున చేయి పట్టేంత కన్నాలకు మూతలు ఉంటాయి. ఒక్కొక్కటే తీయించు. ముందు ముక్కు పెట్టి వాసన చూడు. ముక్కిన వాసన వస్తే లోపల ఎక్కడో తడి నిలిచిందన్నమాట. తర్వాత టార్చిలైటు, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం లోపలికి పెట్టి స్పారుకు రిబ్బు, అంటే రెక్కకు ఆకారమిచ్చే అడ్డుచెక్క, అతికిన ప్రతి చోటా చూడు. జిగురు అంచు సన్నటి గీతలా నిండుగా కనపడాలి. పొడిగా, పొరలుగా, సందుతో ఉంటే అది అతుకు కాదు. స్పారుకు అడ్డంగా వెంట్రుకవాసి గీత కనిపిస్తే అక్కడితో ఆగిపో. ఎప్పుడో గట్టిగా దిగినప్పుడు చెక్క నలిగిందని అర్థం. ప్లైవుడ్ ఉన్న చోట రూపాయి బిళ్ళతో తట్టుతూ పో. మంచి చోట ఖంగుమంటుంది, పొర లేచిన చోట మొద్దుగా పలుకుతుంది. రెండు మూడు చోట్ల తట్టేసరికి నీ చెవికే తేడా తెలిసిపోతుంది.

రెక్క వెనక అంచున గుడ్డకు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి, లోపలి తేమ కారిపోవడానికి. రంగు వేసినవాళ్ళు వాటిని మూసేయడం నేను చాలా విమానాల్లో చూశాను. ఒక్కొక్కటీ పుల్లతో పొడిచి చూడు. రాత్రిపూట రెక్క లోపల బల్బు వెలిగించమను. గుడ్డలోంచి వెలుతురు బయటికి కనపడితే అల్యూమినియం పూత సరిపోలేదన్నమాట. ఆ వెండి పూతే పాలిస్టర్ గుడ్డను ఎండ నుంచి కాపాడేది.

రంగు గురించి నీతో గట్టిగా చెప్పాలి. పాత విమానంలా కనపడాలని ముదురు ఆకుపచ్చ వేయిస్తానన్నావు. వద్దు. ముదురు రంగు రెక్క మన మే నెల ఎండలో చేయి పెట్టలేనంత కాలుతుంది. ఇప్పటి చెక్క విమానాలను ఎక్కువగా ఎపాక్సీ జిగురుతో అతుకుతున్నారు. వేడి పెరిగేకొద్దీ ఆ జిగురు బలం తగ్గుతుంది. తెలుపో, మీగడ రంగో వేయించు. పాతకాలపు అందం కావాలంటే తోక మీద ఎర్రగీతలు చాలు.

షెడ్డు లేకుండా విమానం తేవద్దు. మీ నాన్న కొబ్బరితోట పక్కన రేకుల షెడ్డు వేయిస్తానన్నారట. నేల కాంక్రీటు పోయించి, కట్టేముందే చెదల మందు కొట్టించండి. తలుపులకు పైనా కిందా గాలి ఆడే సందులు ఉండాలి. వేగం కొలవడానికి గాలిని పట్టే పిటో గొట్టానికి, పెట్రోలు ట్యాంకు గాలి రంధ్రానికి ఎర్రగుడ్డ తొడుగులు కుట్టించు, దిగిన వెంటనే తొడుగు. మట్టిగూడు కట్టే కందిరీగకు సన్నని గొట్టం దొరికితే వదలదు. పిటో మూసుకుపోతే వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. ట్యాంకు రంధ్రం మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు, పైకి లేచాక ఇంజను ఆగిపోతుంది. కంట్రోలు తీగలను నెలకోసారి నూలుగుడ్డతో పట్టుకుని చివరిదాకా తుడువు. పోగు తెగిన చోట గుడ్డ చిక్కుకుంటుంది. వట్టి చేత్తో తడమకు, వేలు చీరుకుంటుంది. తీగను బిగించే టర్న్‌బకిల్ దగ్గర మూడు మరచుట్లకు మించి బయటికి కనిపించకూడదు, అది వదులు కాకుండా కట్టే లాకు వైరు తప్పక ఉండాలి.

ఇక పెట్రోలు. బంకులో కొట్టించే పెట్రోలు ఇందులో పోయవద్దు. ఇప్పుడు దానిలో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను, ఫైబరుగ్లాసు ట్యాంకు రెసిన్‌ను తినేస్తుంది. ఎవరైనా కలపని పెట్రోలని తెచ్చి ఇస్తే మాట నమ్మకుండా పరీక్షించు. గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, దానిమీద 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోయి. మూతపెట్టి బాగా కుదిపి నిలబెట్టు. అడుగున నీటిగీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. గీత పైకి జరిగితే ఇథనాల్ నీళ్ళలోకి దిగిందన్నమాట, ఆ డబ్బా తిప్పి పంపించు. ఏవియేషన్ పెట్రోలు దూరం నుంచి తెప్పించుకోవాలి, నిల్వకూ రవాణాకూ వేరే నిబంధనలున్నాయి, ఖర్చు కూడా ఎక్కువే. అయినా అదే వాడు. ఎగిరే ప్రతి ఉదయం ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి కొంచెం వంచి వెలుతురుకు పట్టి చూడాలి. నీటి బొట్టు గుండ్రంగా అడుగున దొర్లుతుంది. ఏమీ దొర్లనిదాకా వంచుతూనే ఉండు.

మంచుదేశాల సంగతనుకుని చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి. కార్బురేటరులో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపల చల్లదనం విపరీతంగా పెరుగుతుంది. మన కార్తీక మార్గశిర మాసాల్లో తుపాను వెలిసిన మర్నాడు, బయట పాతిక డిగ్రీలున్నా ఆ తేమంతా లోపల మంచుగా పేరుకుంటుంది. ఇంజను తిరుగుడు నెమ్మదిగా తగ్గుతుంది, నువ్వు థ్రాటిల్ కాస్త ముందుకు తోసి మరిచిపోతావు. అలా తోయకు. కార్బురేటర్ వేడిగాలి మీట పూర్తిగా లాగు. కరిగిన నీరు మింగుతూ ఇంజను కాసేపు ఇంకా గరగరలాడుతుంది. భయపడి మీట మూసేయకు, అదే సర్దుకుంటుంది.

దీనికి కాంటినెంటల్ 65 హార్స్‌పవర్ ఇంజను ఉందని, సెల్ఫ్ స్టార్టరు లేదని రాశావు. ప్రొపెల్లరు చేత్తో తిప్పాలి. స్విచ్చి ఆఫ్‌లో ఉందని ఎవరు చెప్పినా ప్రొపెల్లరును ప్రాణమున్నదిగానే చూడు. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో ఎర్తు తీగ ఒక్కటి తెగితే చాలు, స్విచ్చి ఏ వైపున్నా నిప్పురవ్వ పుడుతుంది. తోక కట్టేసి, చక్రాలకు అడ్డు పెట్టి, సీటులో బ్రేకులు తెలిసిన మనిషి ఉంటేనే తిప్పాలి. చీరకొంగు, చున్నీ, వదులు చేతుల చొక్కా ఆ దరిదాపులకు రాకూడదు. ఇది ఒక్కసారి కూడా సడలించవద్దు తల్లీ.

నువ్వు నేర్చుకున్నది ముందు చక్రమున్న సెస్నా విమానం మీద. తోక చక్రం విమానానికి బరువు ప్రధాన చక్రాల వెనక ఉంటుంది. నేల మీద కొంచెం వాలినా ఆ వాలు తనంతట తాను పెరుగుతుంది, గిర్రున తిరిగి రెక్క నేలకు తగులుతుంది. ఇంజను ఆపి, చక్రాలు కట్టేదాకా కాళ్ళు విమానం ముక్కును పక్కకు తిప్పే రడ్డరు పెడళ్ళ మీద పనిచేస్తూనే ఉండాలి. తోక చక్రం విమానం నడిపే బోధకుడి దగ్గర విడిగా నేర్చుకున్నాకే దీన్ని ముట్టుకో. మన దగ్గర తెల్లవారినప్పటి నుంచి తొమ్మిదిలోపే ఎగరాలి. ఆ తర్వాత పడమటి వేడిగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి, రెండూ కుదురుగా దిగనివ్వవు. పైగా 40 డిగ్రీల ఎండలో సముద్ర మట్టాన ఉన్న నేల మీద కూడా గాలి దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్నంత పలచబడుతుంది. 65 హార్స్‌పవర్ ఇద్దరిని ఎక్కించుకుని ఆ గాలిలో చెట్లు దాటాలంటే కష్టం.

ఇంజను ఆగితే ఎక్కడ దిగాలో ఎగరకముందే ఆలోచించుకోవాలి. ఈ విమానానికి తీగలూ కర్రలూ ఎక్కువ. శక్తి ఆగితే వేగం వెంటనే పడిపోతుంది, ముక్కు ఆ క్షణమే కిందికి దించాలి, వెనక్కి తిరగాలని చూడకూడదు. కావలి నుంచి కందుకూరు దాకా మోటారు సైకిలు మీద తిరిగి నేల చూసిరా. దమ్ము చేసిన మడి పైనుంచి నున్నగా కనపడుతుంది, చక్రం దిగబడితే విమానం తిరగబడుతుంది. కోసిన వరిమడి గట్టిపడ్డాక మేలు. పొగాకు నరికేసిన చేలు ఇంకా మేలు. రొయ్యల చెరువుల మీదుగా తక్కువ ఎత్తులో పోనే వద్దు. గట్లు కనపడతాయి కానీ మోటార్ల కోసం లాగిన కరెంటు తీగలు కనపడవు. స్తంభాలను చూసి తీగను ఊహించుకోవాలి. జామాయిల్, సరుగుడు తోటలు తప్పనిసరైతే తప్ప వద్దు. ఊరి చెత్తకుప్పల మీద గద్దలు తిరుగుతుంటాయి, వాటికి దూరంగా దారి వేసుకో.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను, దీనికి మనిషిని పెట్టుకోక తప్పదు. పాత 1934 విమానాల చట్టం పోయి, భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కాబట్టి పాతవాళ్ళు చెప్పే రూళ్ళను మళ్ళీ సరిచూసుకో. ఓపిక చాలా కావాలి. ముంబైలో తన డాబా మీద విమానం కట్టిన కెప్టెన్ అమోల్ యాదవ్‌కు రిజిస్ట్రేషన్ 2017లో వస్తే, ఎగిరే అనుమతి 2019లో వచ్చింది. సొంత పొలమైనా అనుమతి లేని నేల మీద నుంచి లేవకూడదు. దొనకొండలో బ్రిటిష్ కాలపు విమాన స్థలం ఉందని, కొరిశపాడు దగ్గర హైవే మీద రన్‌వే ఉందని నీకు చెప్పేవాళ్ళుంటారు. రెండోది వాయుసేన అత్యవసరాల కోసం వేసింది. దక్షిణానికి పోవాలంటే శ్రీహరికోట గగనతలం ఆంక్షలు ప్రతిసారీ చూసుకోవాలి.

విమానం వచ్చిందని తెలిస్తే బంధువులంతా పిల్లల్ని తీసుకుని దిగుతారు. మొదట్లో ఒంటరిగానే ఎగరాలి, విమానం గుణం నీకు పూర్తిగా తెలిసేదాకా ఎవరినీ ఎక్కించవద్దు. నీ నోటితో కాదనలేకపోతే మామయ్య వద్దన్నాడని చెప్పు, ఆ కోపం నేను పడతాను. మా అక్క భయపడుతోందని రాశావు. ఆమెను ఓదార్చే మాటలకంటే ఒక ఆదివారం షెడ్డులో కూర్చోబెట్టి, నువ్వు పెట్రోలు వంచి చూడటం, తీగలు తుడవడం చూపించు. ఎలా చూసుకుంటున్నావో కళ్ళతో చూస్తే అక్క కొంచెం కుదుటపడుతుంది.

మైసూరు పక్కకు వెళ్ళేముందు అమ్మే ఆయనకు ఫోను చేసి మూడు విషయాలు అడుగు. కట్టేటప్పుడు రాసిన లాగ్‌బుక్కు, ప్రతి దశలో తీసిన ఫోటోలు ఉన్నాయా? ఏ జిగురు వాడారు? తూకం కాగితం ఉందా? తూకం పాతదైతే మళ్ళీ వేయాలి. తోక లేపి, ఎగిరే భంగిమలో మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టాలి. మన రొయ్యల వ్యాపారుల దగ్గర ముద్ర వేసిన ఎలక్ట్రానిక్ కాటాలు దొరుకుతాయి, వాటితో మొదటి లెక్క సరిపోతుంది, అసలు లెక్క లైసెన్సు ఉన్న ఇంజనీరు చేతనే చేయించాలి. వెనక సీటులో నువ్వు, ముందు సీటు ఖాళీ, నిండు ట్యాంకు, ఖాళీ ట్యాంకు, అన్ని లెక్కలూ కాగితం మీద చూపించమను. లాగ్‌బుక్కు లేదంటే అడ్వాన్సు ఇవ్వవద్దు. ఉందంటే పేజీలు ఫోటో తీసి నాకు పంపు, సంక్రాంతి దాటాక టికెట్లు తీద్దాం. టార్చి, అద్దం నేను తెస్తాను, మాసినా పర్వాలేదనుకునే బట్టలు నువ్వు తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య