కాగితం చేతికొచ్చాకే పార పట్టు

అమ్మలూ,

పెదనాన్న దీవెనలు. నగరం మధ్యలో ఖాళీగా పడి ఉన్న స్థలంలో అందరూ కలిసి సాగు చేసుకునే తోట, దానితోపాటే పిల్లలు ఆడుకునే పార్కు పెట్టాలనుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విన్న దగ్గర్నుంచి ఒకపక్క గర్వంగా ఉంది, ఇంకోపక్క టెన్షన్‌గా ఉంది. బతుకంతా తోటపనిలో గడిపినవాణ్ణి కదా, దీంట్లో ఎక్కడెక్కడ మనసు విరిగిపోతుందో నాకు తెలుసు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. నీళ్ల కనెక్షన్ రానిదే ఒక్క మొక్క కూడా నాటకు. టాయిలెట్లు, నీడ, పనిముట్లకు తాళం వేసుకునే గది ప్లాన్‌లోనే ఉండాలి. దారులు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పుగా పెట్టించు. కొన్ని మళ్లు నడుము ఎత్తున కట్టించు, నాలా వంగలేనివాళ్లు కూడా వస్తారు.

ఇక అసలు సంగతి. ఆ నేల ఎవరిది? నీ చేతిలో ఏం కాగితం ఉంది? "ఆఫీసరు గారు సరే అన్నారు" అన్నావట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

లాస్ ఏంజిలెస్‌లో సౌత్ సెంట్రల్ ఫామ్ అని 14 ఎకరాల తోట ఉండేది. చెత్త కాల్చే ప్లాంటు కోసమని 1986లో నగరపాలక సంస్థ ఆ భూమిని యజమానుల దగ్గర బలవంతంగా సేకరించింది. చుట్టుపక్కల జనం ఎదురు తిరిగి ప్లాంటును ఆపేశారు. ఆ నగరంలో 1992లో జరిగిన అల్లర్ల తర్వాత ఆ నేలను పేదలకు తిండి పంచే ఆహార బ్యాంకుకు వాడుకోనిచ్చారు. సుమారు 350 పేద కుటుంబాలు తలా ఒక చెక్క పంచుకుని, చెట్లు పెంచి, కూరగాయలు పండించి దాన్ని పచ్చగా చేశాయి. కానీ వాళ్లకు దక్కింది ఎప్పుడైనా రద్దు చేయగల అనుమతి మాత్రమే. పాత యజమాని కోర్టుకెళ్లాడు. 2003లో నగరం రాజీ చేసుకుని దాదాపు 50 లక్షల డాలర్లకు భూమిని ఆయనకే తిరిగి అమ్మేసింది. ఖాళీ చేయమన్నప్పుడు గానీ అందరికీ కాగితం గుర్తుకు రాలేదు. చివరికి ఆయన అడిగిన ధర సుమారు కోటీ 60 లక్షల డాలర్లు. ఊరేగింపులు జరిగాయి, జనం చెట్లెక్కి కూర్చున్నారు, విరాళాలకు దాతలు కూడా ముందుకొచ్చారు. అయినా ఆలస్యమైపోయింది, ఆయన అమ్మనన్నాడు. 2006 జూన్‌లో పోలీసులు అందరినీ బయటికి పంపారు. ఆ తర్వాత బుల్‌డోజర్లు దిగాయి. అంతా చేసి, ఆ నేల ఆ తర్వాత ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది! పదేళ్లకు పైగా పెరిగిన చెట్లు అలా పడిపోతే వాటికి నీళ్లు పోసినవాళ్ల గతేం కావాలి? దీన్ని నేను ఎవరికి చెప్పినా గొంతు పూడుకుపోతుంది.

వాళ్ల కష్టంలో లోటేమీ లేదమ్మా. తోట ఎదుగుతున్న ఆ పదేళ్లలో, అందరూ మెచ్చుకుంటున్నప్పుడే, భూమిని కొనడానికో దీర్ఘకాలపు లీజుకో డబ్బు పోగేయాల్సింది. 1999లో న్యూయార్క్ నగరం వందకు పైగా తోటల్ని వేలం వేయబోతే, ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్, న్యూయార్క్ రెస్టొరేషన్ ప్రాజెక్ట్ అనే రెండు సంస్థలు కలిసి కొనేసి కాపాడాయి. భూమిని పట్టుకుని నిలబడే సంస్థ ఉంటే ఇలా చేయొచ్చు. నువ్వు కూడా ముందు సొసైటీయో ట్రస్టో రిజిస్టర్ చేయించు. లీజు ఎన్నేళ్లకో, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, ప్రత్యామ్నాయ స్థలం ఇస్తారో లేదో రాతలో ఉండాలి. నగర మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలాన్ని పార్కుగా చూపించే దాకా వెంటపడు.

కొద్ది కాలానికే ఇస్తామంటే? బెర్లిన్‌లో ప్రిన్సెసిన్నెన్‌గార్టెన్ అనే తోట వాళ్లు 2009లో అలాంటి నేలలోనే మొదలుపెట్టారు. బేకరీ ట్రేలలో, బియ్యం సంచుల్లో మొక్కలు పెంచారు, కదలాల్సి వస్తే కదిలిపోవచ్చని. తర్వాత నిజంగానే ఇంకో చోటికి, ఒక శ్మశాన వాటికలోకి మారారు. అలాంటి నేల దొరికితే మాత్రం వేర్లు లోతుగా వెళ్లే చెట్లు నాటకు. నా మాట విను.

డబ్బు గురించి ఒకే ఒక్కటి చెబుతాను. ప్రారంభోత్సవానికి ఇచ్చేవాళ్లు చాలామంది దొరుకుతారు, నీళ్ల బిల్లు కట్టేవాళ్లు దొరకరు. గేటు మీద దాత పేరు పెట్టొచ్చు, పగిలిన పైపు మీద పెట్టలేం కదా. అందుకే దాత దగ్గరికి వెళ్లినప్పుడే కట్టుబడి ఖర్చుతో పాటు మూడేళ్ల నిర్వహణ కూడా కలిపి అడుగు. సియాటిల్‌లో 1973లో మొదలైన పీ-ప్యాచ్ తోటల్లో మడి తీసుకున్నవాళ్లు రుసుము కడతారు, అందరి కోసం కొన్ని గంటల పని కూడా చేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. కట్టలేనివాళ్ల దగ్గర రుసుము తీసుకోవద్దు, పని మాత్రం అందరి దగ్గరా తీసుకో.

మట్టి పరీక్ష చేయించకుండా పిల్లల్ని ఆ స్థలంలోకి రానీయకు. పాత రంగుల పెచ్చుల్లోంచి, ఒకప్పటి పెట్రోలు పొగలోంచి వచ్చిన సీసం నేలలో తరాల పాటు ఉండిపోతుంది. పిల్లలు మట్టి చేతుల్ని నోట్లో పెట్టుకుంటారు, అదే ప్రమాదం. సీసం ఎక్కువగా కనిపిస్తే కింద గుడ్డ పరిచి, బయటి నుంచి శుభ్రమైన మట్టి తెచ్చి ఎత్తు మళ్లు కట్టు. ఆకుకూరలు, దుంపలు ఆ నేలలో నేరుగా వేయకు. ఈ ఒక్క విషయంలో ఎవరు నచ్చజెప్పినా వినకు.

అన్నీ నువ్వే మోస్తున్నావని కూడా తెలిసింది. రాత్రి పన్నెండు దాకా దరఖాస్తులు రాస్తూ తిండి మానేస్తే ఎలా తల్లీ? లెక్కలు ఒకరికి, నీళ్లు ఒకరికి, ఆఫీసుల చుట్టూ తిరగడం ఇంకొకరికి అప్పగించు. నీకు జ్వరమొచ్చినా తోటకు నీళ్లు అందాలి.

లీజు డ్రాఫ్టు రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. అక్షరం అక్షరం చదివి, అనుమానమున్న చోట పెన్సిలుతో గీసి పంపిస్తాను. ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, వాళ్లను ఆగమను.

ప్రేమతో,
పెదనాన్న