కంపెనీ షాకప్‌లే అని నమ్మించి అమ్మారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: గుంటూరులో ఒక సెకండ్ హ్యాండ్ బైకుల షాపులో పల్సర్ కొన్నాను. "అన్నీ కంపెనీవే, ఏ పార్టూ మార్చలేదు" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. రెండు నెలల తర్వాత మా మెకానిక్ చూసి వెనక షాకప్‌లు బయటివని, బండి ఎత్తు తగ్గించారని అంటున్నాడు. షాపువాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. కేసు వేయొచ్చా? పోలీసులు ఆపితే నామీదకు వస్తుందా?

జవాబు: వేయొచ్చు. కానీ ముందు ఆ షాకప్‌లు ఊడదీయకండి. చాలామంది కోపంలో కొత్తవి వేయించేసుకుని, పాతవి మెకానిక్ దగ్గరే వదిలేసి, ఆ తర్వాత లాయర్ దగ్గరికి వస్తారు, అప్పటికి సాక్ష్యం పాత ఇనుము కొట్టుకు పోయి ఉంటుంది.

మెకానిక్ నోటిమాట కేసులో నిలబడదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి, మీ మోడల్, తయారైన సంవత్సరం పార్ట్స్ కేటలాగ్‌తో పోల్చి చూసి తేడాను జాబ్ కార్డు, అంటే బండి వివరాలు, చేసిన పని రాసి సెంటర్‌వాళ్లు ఇచ్చే కాగితం మీద రాసిమ్మనండి. ఎందుకంటే చూడగానే తేల్చేయలేం. కొన్ని పల్సర్లకు గ్యాస్ డబ్బా ఉన్న షాకప్‌లు కంపెనీ నుంచే వస్తాయి, కేటీఎం డ్యూక్ మీద డబ్ల్యూపీ అనే పేరు కనిపించినా అది కూడా కంపెనీ బిగించినదే. షాకప్ పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్య దాకా టేపు పెట్టి కొలిపించండి. బోల్టు తలల మీద స్పానర్ గీతలు, అదనపు వాషర్లు ఉంటే దగ్గర నుంచి ఫోటోలు తీయండి. వెనక ఎత్తు తగ్గించిన బండి సైడ్ స్టాండ్ వేసినప్పుడు సరిగా వాలకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది, అదీ వీడియో తీసి పెట్టుకోండి.

ఇక వాట్సాప్ మెసేజే మీ ప్రాణం, డిలీట్ చేయొద్దు. వ్యాపారం చేసే షాపు లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మితే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. ముందు లీగల్ నోటీసు ఇచ్చి, కదలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. ఇదే బండి మామూలు వ్యక్తి దగ్గర కొని ఉంటే ఈ దారి ఉండదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి, అక్కడ "కొనేముందు నువ్వెందుకు చూసుకోలేదు" అనే ప్రశ్న తప్పదు.

పోలీసుల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52లో మార్పు అంటే బండి మౌలిక లక్షణమే మారేలా నిర్మాణాన్ని మార్చడం. అరిగిన షాకప్ తీసి అదే కొలతది వేస్తే ఆ కిందకు రాదు. ఎత్తే మారిపోయిందంటే మాత్రం వాదనకు తావుంది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. చేసింది మీరు కాదు, నిజమే, కానీ రోడ్డు మీద ఆపేది మిమ్మల్నే. అందుకే జాబ్ కార్డు కాపీ బండిలో ఉంచుకోండి.

ఈ తేడా జాబ్ కార్డు మీద రికార్డు అయ్యేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. అయ్యాక అదే సెంటర్‌లో కంపెనీవి వేయించి, పాతవి మూటగట్టి ఇంటికి తెచ్చుకోండి, కమిషన్ పరీక్షకు పంపాలంటే అవి కావాలి. ఆ బిల్లు మొత్తాన్ని నోటీసులోనే అడగండి.