అమ్మగారి ఆపరేషన్ రోజే క్రాస్ ఉంటే నాలుగో వాయిదా ఇస్తారా?

టెక్కలిలో భూమి దావా, మీరే వాది. మీకు క్రాస్ (మీ సాక్ష్యంపై ఎదుటి ప్లీడరుగారు మిమ్మల్ని ప్రశ్నించడం) ఉన్న రోజే శ్రీకాకుళంలో అమ్మగారికి ఆపరేషన్. ఇప్పటికే మూడు వాయిదాలు అడిగేశారు గనక ఇక ఇవ్వరని ఎవరో భయపెట్టారన్నారు. అది సగమే నిజం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 రూల్ 1 ఒక పక్షానికి మూడుసార్లే అంటుంది. అయితే చేతిలో లేని కారణం ఉంటే ఆ లెక్క అడ్డు కాదని సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో తేల్చింది. ఇవ్వడం, మానడం జడ్జిగారి విచక్షణే గానీ, ఇస్తే ఎందుకిచ్చారో రాయాలి. ఆ రాతకి సరిపడా సరుకు మీరే ఇవ్వాలి.

అందుకని నోటిమాటతో సరిపెట్టకుండా పిటిషన్, అఫిడవిట్ వేయించండి. ఆపరేషన్ తేదీ, వేళ, దగ్గరుండడానికి ఇంకెవరూ ఎందుకు లేరో అందులో ఉండాలి. లేదంటే 'పొద్దున్నే వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్లొచ్చుగా' అనే ప్రశ్న తప్పదు. ఆసుపత్రి అడ్మిషన్ కాగితం జతచేయండి. జ్వరం సర్టిఫికెట్లు చూసిచూసి కోర్టులు విసిగిపోయాయి, ఇది వేరని కనబడాలి. ఎదుటి ప్లీడరుగారికి నకలు ముందురోజే ఇప్పించండి. ఆయన అభ్యంతరం లేదని రాసినా జడ్జిగారు ఒప్పుకోవాలని లేదు, కానీ పనికొస్తుంది. రెండు వారాల్లోపు తేదీ మీరే అడగండి.

మీ ప్లీడరుగారు ఆరోజు సోంపేట కోర్టులో ఉన్నారని మాత్రం చెప్పించకండి. వేరే కోర్టులో పని కారణం కాదని ఆ రూల్లోనే ఉంది.

వాయిదా ఇస్తూ ఎదుటివారికి ఖర్చులు కట్టమంటే తర్వాతి విచారణ తేదీకి తప్పకుండా కట్టి రసీదు దాఖలు చేయండి. అదే కోడ్ సెక్షన్ 35బి కింద వేసిన ఖర్చులు కట్టకపోతే దావా ముందుకు సాగనివ్వరు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

వాయిదా ఇవ్వకపోతే మీ సాక్ష్యం మూసేస్తారు. క్రాస్ జరగని చీఫ్ అఫిడవిట్‌ను (మీరు రాతపూర్వకంగా ఇచ్చిన సాక్ష్యాన్ని) మామూలుగా లెక్కలోకి తీసుకోరు. వెంటనే, తీర్పు రాకముందే, సాక్ష్యం తిరిగి తెరవమని ఒకటి, మిమ్మల్ని మళ్లీ పిలవమని ఒకటి, రెండు పిటిషన్లు ఆసుపత్రి కాగితాలతో వేయాలి. గైర్హాజరని దావానే కొట్టేస్తే ఆర్డర్ 9 రూల్ 9 కింద 30 రోజుల్లో పునరుద్ధరణ అడగొచ్చు. హైకోర్టులో రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వును సరిచూడమని అడగడం) ఆఖరి దారి. కింది కోర్టు విచక్షణలో అక్కడ తేలిగ్గా వేలు పెట్టరు.