రాయి మునిగిన తర్వాత

మిత్రమా,

మీరు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. “రాయి పడగానే నీరు వలయాలై ఒడ్డుకు చేరింది” అన్న మొదటి వాక్యం వినడానికి ఇంపుగానే ఉంది కాని, అక్కడ జరిగేది అది కాదు. ఒడ్డుకు చేరేది అల మాత్రమే; నీరు దాదాపు ఉన్నచోటనే ఉండిపోతుంది. అలల దారిలో ఒక ఎండుటాకు ఉంటే దాన్ని గమనించండి. అల వచ్చినప్పుడు అది పైకి లేచి కొద్దిగా ముందుకు జరుగుతుంది, అల దాటిపోగానే కిందికి దిగి వెనక్కి వస్తుంది. నీటి కణాలు అలా చిన్న వృత్తాలలో తిరుగుతాయి. లోతుకు పోయేకొద్దీ ఆ వృత్తాలు కుంచించుకుపోయి, తరంగదైర్ఘ్యంలో, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే పొడవులో, సగం లోతుకు చేరేసరికి పైనున్న కదలికలో ఇరవయ్యో వంతు కూడా మిగలదు.

రాయి చేసిన గుంటను పూడ్చడానికి చుట్టూ ఉన్న నీరు దూసుకొచ్చి, ఆ వేగంతోనే మట్టాన్ని దాటి పైకి ఉబికి, మళ్లీ కుంగుతుంది. దానిని మట్టానికి లాగేది గురుత్వాకర్షణ ఒక్కటే అన్నట్లు రాశారు. తలతన్యతను మరిచారు. వంగిన నీటి ఉపరితలాన్ని చదును చేయాలని చూసే ఆ బలానిదే చిన్న అలలలో పైచేయి; పొడవైన అలలలో గురుత్వాకర్షణది. రెండూ సరితూగే పొడవు సుమారు 1.7 సెంటీమీటర్లు. ఆ పొడవున్న అలే అన్నింటికంటే నెమ్మదిగా, సెకనుకు సుమారు 23 సెంటీమీటర్ల వేగంతో సాగుతుంది. అంతకంటే పొట్టివీ, అంతకంటే పొడవైనవీ కూడా దానికన్నా వేగంగా పోతాయి. నా దృష్టిలో ఈ విషయంలోని అసలు వింత ఇదే. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

అలల గుంపు వేగం వేరు, గుంపులోని ఒక్కొక్క అల వేగం వేరు. లోతైన నీటిలో పొడవైన అలల గుంపును చూస్తే, ఒక్కొక్క అల గుంపుకు రెట్టింపు వేగంతో నడుస్తుంది. అందుకని అది లోపలి అంచున పుట్టి, గుంపులో నుంచి ముందుకు సాగి, బయటి అంచున మాయమవుతుంది. సన్నని అలలలో ఇందుకు సరిగ్గా తారుమారు: బయటి అంచున కనబడిన అల క్రమంగా గుంపులో వెనకబడుతుంది. ఏ గుంపూ సెకనుకు సుమారు 18 సెంటీమీటర్లకంటే నెమ్మదిగా కదలదు కనుక రాయి పడిన చోట మిగిలే ప్రశాంతమైన వలయం పెరుగుతూ పోతుంది. నేను దీన్ని చాలా ఏళ్లు పుస్తకాలలో చదివి నమ్మానే తప్ప, ఒక అలను ఎంచుకొని దాని వెంట చూపు పోనివ్వలేదని ఒప్పుకోవాలి. మీకు ఆ ఇబ్బంది లేదు, ఫోన్‌లో స్లో మోషన్ ఉంది.

“క్రమంగా అలలు అలసిపోయాయి” అన్నారు. అలసట కాదు. అదే శక్తి పెరుగుతున్న వలయమంతటా పంచుకోబడుతుంది. ఆ ఒక్క లెక్కనే చూసినా, దూరం నాలుగింతలైతే అల ఎత్తు సగమవుతుంది. పైగా నీటి స్నిగ్ధత, అంటే నీటి పొరల మధ్య ఉండే రాపిడి, సన్నని అలలను ముందుగా మింగేస్తుంది.

మనసులో రేగిన అలజడితో పోలుస్తూ రాసిన చివరి పేరాను తీసేయండి. గాలి లేని ఉదయం నీటి పక్కన కూర్చొని, మొదట ఒక చిన్న గులకరాయినీ తర్వాత పిడికెడంత రాయినీ వేసి, రెండింటి బయటి అంచులలో కనిపించే తేడాను ఆ చోట రాయండి. ఆ ప్రతిని నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి