రెయిల్ ట్రెయిల్ అంటే ఏమిటి? విశాఖలో అలాంటిది ఉందా?

రైళ్లు ఆగిపోయిన పాత లైనును నడకకు, సైకిళ్లకు బాటగా మారిస్తే అదే రెయిల్ ట్రెయిల్.

దాని గొప్పతనమంతా వాలులో ఉంది. బరువు లాగే ఇంజను నిటారు ఎక్కలేదు కాబట్టి కొండను తొలిచి, పల్లాన్ని పూడ్చి లైను వేస్తారు. వంద మీటర్లకు ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు పెరగడం అరుదు. అందుకే మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, సైకిల్ నేర్చుకునే పిల్లలు, వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లు ఒకే బాటలో కలుస్తారు. ఊళ్లో మనుషులు ఒకరికొకరు తెలియాలంటే ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం.

న్యూయార్క్‌లో వీధులకు పైన వంతెనలా సాగే హైలైన్ అనే లైను మీద 1934 నుంచి 1980 వరకు సరుకు రైళ్లు నడిచాయి. కూల్చేద్దామన్నప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్లు 1999లో సంఘం పెట్టి దాన్ని నిలబెట్టారు. 2009లో మొదటి భాగం పార్కుగా తెరుచుకుంది. అక్కడ మాత్రం నడకే, సైకిళ్లకు అనుమతి లేదు.

మన విశాఖ లైన్లకు తీరిక ఎక్కడ? కొత్తవలస–కిరండూల్ లైను ఇప్పటికీ ఇనుప ఖనిజం మోస్తోంది. ఆ హాయికి దగ్గరగా ఉన్నది ఆర్కే బీచ్ రోడ్డే. తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తే కురుసుర సబ్‌మెరైన్ ముందు రోడ్డంతా నడిచేవాళ్లదే. కానీ గాజువాక, పెందుర్తి వాళ్లకు అది దూరం. వాళ్ల ఇళ్ల దగ్గరా ఇలాంటి బాట కావాలి.

అంతవరకూ నడుస్తున్న లైను పక్కన వాకింగ్ వద్దు. ప్రాణాపాయం సరే, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం కూడా.